దీవెన బటన్

అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద పొద్దున్నే షేర్ ఆటోల వరస. తండ్రి రాజనర్సయ్య ఆటోను చంద్రిక దూరం నుంచే గుర్తుపట్టింది. ఒకటికి రెండుసార్లు వెనక్కి తిరిగిపోయి, చివరికి సిగ్గు చంపుకుని వచ్చి వెనక సీట్లో కూర్చుంది. రాత్రి ఏ మొహం పెట్టుకుని ఇంటికి పోలేకపోయిందో, ఇప్పుడూ ఆ మొహమే మరి. కొత్తది ఎక్కణ్ణుంచి తెస్తుంది?

"పంజాగుట్ట, పంజాగుట్ట! జర లోపలికి జరుగమ్మా, ఇంకిద్దరు ఎక్కాలె... అరె, చంద్రీ! నువ్వా బిడ్డా?"

"నేనే నాయినా. ఎవ్వర్నీ ఎక్కించుకోకు. పోదాం పా."

"ఖాళీ బండి ఎట్ల తియ్యాలె? లైన్ల ఉన్నోళ్లు నవ్వరా?"

"నవ్వనీ. పా."

"పోతున్న, పోతున్న. రాత్రి ఏడ పన్నవ్? ఫోన్ బంద్ వెట్టినవ్."

"మా దోస్తు హైందవి హాస్టల్‌ల. ఛార్జింగ్ అయిపోయింది."

"హాస్టల్ నిండ పిల్లలు. ఒక్కదాని తాన ఛార్జర్ లేదా?"

"నాయినా..."

"సరే, సరే. తిన్నవా? మైత్రీవనం తాన ఇడ్లీ బండి వెట్టిండ్రు, ఆపుదునా?"

"తినబుద్ధి అయితలేదు. నాయినా, నిన్న రాత్రి..."

"నిన్నటి ముచ్చట నిన్ననే పాయె. తప్పు నాది. అందరి ముంగట నీ ఇజ్జత్ తీసిన."

"నువ్వేం తప్పు చేసినవ్?"

"గా చెయ్యి గుర్తు ఒత్తుడే తప్పు. రోజూ నా ఆటోల వచ్చే వంశీకృష్ణ సార్ ఉన్నడు గదా, ఆయనే నా ఫోన్‌ల ఏసిచ్చిండు నీ ప్రోగ్రాం. మీ అమ్మ ఫోన్‌ల సుత ఏపిచ్చిన. నువ్వేమో శ్రీనగర్ కాలనీ స్టూడియోల ఒక్కదానివే నిలబడి పాడుతవ్, ఫోన్‌ల జూస్తే గంత పెద్ద హాలు! మంది మందే! అందరు బొమ్మలే. నువ్వు సుత బొమ్మవే, నీలి జుట్టు ఏసుకొని."

"చూసినవా మొత్తం?"

"చూసిన. కింద వరసగ గుర్తులుండె. చప్పట్లది ఒకటి, పూలు చల్లేది ఒకటి, పాడేటోళ్లకు చీటీ పంపేది ఒకటి. చీటీ రాద్దమంటే నాకు ఫోన్‌ల రాయరాదాయె. పక్కన చెయ్యి ఎత్తినట్టు ఒక గుర్తుండె. పెండ్లిల అయ్యగారు చెయ్యెత్తి దీవిస్తడు జూడు, అచ్చం గట్లనే. ఇది దీవెన బటన్ అనుకున్న. నువ్వు పాట మొదలువెట్టంగనే ఒత్తిన. పాటంత ఎత్తే ఉంచిన, దించలే. బిడ్డ పాడుతుంటే దీవెన నడుమల దించుతరా?"

"అది దీవెనది కాదు నాయినా. పాడేటోళ్లతోని మాట్లాడాలె అనుకుంటే ఒత్తేది. పాట అయిపోంగనే, అందరికన్న ముందు ఎవరు చెయ్యెత్తిండ్రో వాళ్లకు యాంకర్ మైక్ ఇస్తది."

"గది నాకేం ఎర్క? మైకు నా చేతికొచ్చిందని సుత తెల్వలే. ఫ్లైఓవర్ కింద మా స్టాండ్‌ల కూసొని పోరగాళ్లకు చూపెడుతున్న. సూడుండ్రిరా, గా నీలి జుట్టు బొమ్మ మా చంద్రినే అని."

"అదంత అందరికీ వినపడ్డది."

"బస్సు హారన్ సుత?"

"బస్సు హారన్ సుత."

"చిన్నప్పుడు ముక్కు కార్చుకుంట పాడేది అన్న. గదీ?"

"గదీ వినపడ్డది నాయినా."

"అయ్యో రామ! నవ్విండ్రా?"

"నవ్వు బొమ్మలు పంపిండ్రు. హాల్ నిండ అవ్వే."

"అందుకే అన్న, తప్పు నాది. యాంకరమ్మ పాపం మర్యాదగనే అడిగింది, 'మైరా గారికి ఏమైనా చెప్తారా సర్' అని. నేనేమో మైరా ఎవలమ్మా, గామె నా బిడ్డ చంద్రిక అంటి. గట్ల అనద్దేమో?"

"అక్కడ నా పేరు మైరా నాయినా. మా అసలు పేర్లు చెప్పద్దని కంపెనీ రూల్."

"చూసినవా మరి! రూల్ అంటే నువ్వేం జేస్తవ్?"

"రూల్ ఒక్కటే కాదు నాయినా."

"పంజాగుట్ట, పంజాగుట్ట! ఏ అమ్మా, వస్తవా?"

"వద్దు, ఎక్కించుకోకన్న గదా. నన్ను చెప్పనియ్యి."

"చెప్పు, చెప్పు. బోణీ బేరం పాయె, గంతే."

"అక్కడ నేను వేరే తీర్గ మాట్లాడ్త. 'వచ్చారా అండీ, బాగున్నారా అండీ' అనుకుంట. మైరా అంటే ఏదో పెద్దింటి పిల్ల అనుకుంటరు అందరు. నేను అనుకోనిచ్చిన. నువ్వు మాట్లాడంగనే... నాకు సిగ్గయింది నాయినా."

"నన్ను చూసా?"

"నువ్వు కనపడ్తలేవు గదా. నీ మాట విని."

"మాటకేమైందే?"

"మాటకేం కాలే. నాకే ఏదో అయింది."

"పోనీ తియ్యి. మీ ఆఫీసోళ్లు కోపం జేసిండ్రా? నౌకరికేం ఫికర్ లేదు గదా?"

"కోపమా? భార్గవ్ సర్ మెచ్చుకున్నడు. 'భలే మేనేజ్ చేశావమ్మా' అన్నడు అందరి ముంగట."

"మరింకేం! మెచ్చుకుంటే మొహం గట్ల వెట్టినవెందుకు?"

"ఆయన మెచ్చుకున్నందుకే."

"నీ ముచ్చట నాకు సమజ్ అయితలేదు. గాలికి చున్నీ బయటికి పోతున్నది, లోపలికి గుంజుకో."

"నాయినా, ఒకటి అడుగుత. నిజం చెప్పు. మైక్ తీసేసినంక నీకు ఏమన్న వినపడ్డదా?"

"నాకా? ఏం ఇనపడలే."

"ఏమీ?"

"మైకు గుంజుకోంగనే ఫోన్ మూగవోయింది. ఫ్లైఓవర్ కింద సిగ్నల్ సుత సక్కగుండదు."

"అంటే, నేనేమన్ననో..."

"ఏమన్నవ్?"

"ఏం లే."

"ఏం లేనిది ఏం ఇనపడ్తది మరి?"

"నిజంగ వినలే?"

"ఎన్నిసార్లు అడుగుతవే? ఇనలే అంటే ఇనలే."

"సరే... సరే నాయినా. మంచిదాయె."

"గదీ, గట్ల నవ్వు. ఇంక గా ప్రోగ్రాం నేను చూడను తియ్యి. రాత్రే ఫోన్‌ల నుంచి తీసేపిచ్చిన. చూస్తే మళ్ల ఏదన్న ఒత్తుత."

"తీసేసినవా?"

"నీ పాట నాకు ఇంట్ల ఇనపడదా? అయినా మస్తు పాడినవ్ బిడ్డా. అన్నిట్ల గా ఆఖరి పాట ఉన్నది జూడు, ఉయ్యాల పాట, మా అవ్వ పాడేది. నడుమల నీ గొంతు జర వణికింది. ఇగ ఆపుతదేమో అనుకున్న. ఆపలే. మంచిగ ముగిచ్చినవ్."

"ఆఖరి పాటనా?"

"ఆ, ఉయ్యాల పాట."

"నాయినా."

"ఆఁ?"

"గది నీ మైక్ తీసేసినంక పాడిన."

"పంజాగుట్ట, పంజాగుట్ట!"

"పంజాగుట్టకు వచ్చేసినం నాయినా. ఇంకెవర్ని పిలుస్తున్నవ్?"

"అలవాటాయె గదా. నోరు ఊకోదు."

"బండి పక్కకు ఆపు."

"ఈడ ఆపనియ్యడు పోలీసాయన."

"ఆపు నాయినా. నీ కాళ్లు మొక్కుత, ఆపు."

"ఆపిన. ఇగో, ఆపిన. ఏడువకు ముందు."

"విన్నవ్ గదా?"

"జర జర."

"మొత్తం విన్నవ్."

"ఏదో ఒక్క మాట. గంత పెద్ద ముచ్చట చేస్తున్నవెందుకు?"

"ఏం విన్నవో చెప్పు."

"నాకు గుర్తు లేదు."

"నాకున్నది. 'ఎవరో తాగి మాట్లాడుతున్నారండీ, మైక్ తీసేయండి' అన్న. నువ్వు నా బిడ్డ అన్నంక, తెలిసీ అన్న. నవ్వుకుంట అన్న."

"నవ్వుకుంట అనలే. నీ నవ్వు నాకు ఎర్క లేదా? అది నవ్వు కాదు, బుగులు. భయపడ్డవ్."

"నువ్వు నన్ను ఎందుకు వెనకేసుకొస్తవ్? నేను పదో తరగతిల ఉన్నప్పుడు నా నెత్తిమీద చెయ్యివెట్టి ఒట్టేసినవ్. గప్పటి సంది సుక్క ముట్టలే. పెండ్లిళ్లల్ల, దావత్‌లల్ల అందరి నడుమ కూసొని సోడా తాగి లేచి వచ్చినవ్. దోస్తులంత ఎక్కిరించినా ముట్టలే. గసొంటి నిన్ను పట్టుకొని తాగినోడు అన్న నాయినా, గన్ని వేల మందిల. నాకు నా నోరే రోతగున్నది."

"ఊకో బిడ్డా. రోడ్డు మీద మంది చూస్తుండ్రు."

"చూడనీ. నన్ను తిట్టు."

"తిడితే నీకు నిమ్మళమైతదా?"

"అయితది."

"అట్లయితే తిట్టను. కోపమని కాదే. అన్నప్పుడు గుండెల గుచ్చుకున్నది, అబద్ధమెందుకు? ఫోన్ జేబుల ఏసుకొని నీ ఆఖరి పాట ఇనుకుంట కూసున్న. స్టాండ్‌ల పోరగాళ్లు ఎవల బండ్లకాడికి వాళ్లు పోయిండ్రు. గంతే. నా బిడ్డ నన్ను చూసి సిగ్గువడె, నేను పోరగాళ్లను చూసి సిగ్గువడితి. లెక్క సరిపాయె. ఇగ ఇంటికి పోదాం పా."

"ఇంటికా? అమ్మ... అమ్మ విన్నదా?"

"మీ అమ్మకేం, మంచిగున్నది."

"విన్నదా అని అడుగుతున్న."

"ఇన్నది. ఇంట్ల కూసొని, పక్కింటి మంగవ్వను సుత పిలుచుకొని మరీ ఇన్నది."

"అయిపోయింది. ఇగ అమ్మ నన్ను గడప తొక్కనియ్యది."

"ఎందుకు తొక్కనియ్యది? నిన్నేమనది. నువ్వు వస్తవని పచ్చిపులుసు చేస్తున్నది."

"నాకు చెప్పకు నాయినా. నీ గురించి పక్కింటోళ్లు ఒక్క మాటంటేనే కొంగు నడుముకు చెక్కి లేస్తది. నేనన్న మాటకు నన్ను బతకనిస్తదా?"

"మొదలు గట్లనే లేసిందట. 'రానీ దాన్ని, కాళ్లు ఇరగ్గొడ్త' అన్నదట మంగవ్వతోని. నేను పోయినంక సల్లబడ్డది."

"ఎట్ల సల్లబడ్డది? ఏం చెప్పినవ్?"

"ఏమున్నది? బిడ్డది తప్పులేదు సత్తెమ్మా, నేను నిజంగనే తాగి ఉంటి, తాగినోణ్ణి మా నాయిన అని మందిల ఎట్ల చెప్పుకుంటది అన్న. అంతే, నిన్నిడిసిపెట్టి నా మీద పడ్డది. రాత్రి సంది నాతోని మాట్లాడ్తలేదు. నువ్వు మాత్రం పోయి తిను."

"అమ్మ నమ్మదు నాయినా. గిన్నేండ్ల సంది చూస్తున్నది నిన్ను. ఉత్త మాటకు నమ్మదు, దగ్గరికొచ్చి నోరు వాసన చూస్తది."

"చూస్తదని తెల్సే, తాగి పోయిన బిడ్డా."