గోరంత పసుపు టేపు

రేసు ట్రాక్ పక్కన రేకుల షెడ్డు. లోపల ఇంజన్ మెకానిక్, చంకలో పాపతో అతని తమ్ముడి భార్య. తమ్ముడి కారు ట్రాక్ మీద తిరుగుతోంది.

"నా భయమల్లా ఒక్కటే బావగారూ. ఆ ఇంజన్ పగిలి, కారు గోడకి కొట్టుకుని, ఈ పిల్లకి నాన్న లేకుండా పోతాడని."

"మళ్ళీ మొదలా? నువ్వడిగిందే చేశాను కదమ్మా. వాల్వు స్ప్రింగుల మీద మూతల్లా కూర్చునే టైటానియం రిటైనర్లు తీసేసి స్టీలువి వేశాను."

"ఆయనకి చెప్పలేదుగా?"

"చెబితే వేయనిస్తాడా? బరువంటాడు."

"అవి అరిగాయని మీరేగా అన్నారు."

"అరిగాయి. స్ప్రింగు ఆనే చోట గాడి పడింది. కొత్తవి వచ్చేదాకా ఆగమంటే వినే రకమా వాడు?"

"అల్యూమినియంవి ఉన్నాయన్నారు?"

"ఆ మెత్తదనానికి స్ప్రింగు వాటిని తినేస్తుంది."

"స్టీలే నయం. మా వంటింట్లో స్టీలు గిన్నె ఎన్నిసార్లు పడినా సొట్టే గానీ పగల్లేదు."

"గిన్నె నిమిషానికి వేలసార్లు ఎగరదు తల్లీ. స్టీలు గట్టిదే, కానీ బరువు."

"బరువైతే ఏం? నేను పదో తరగతి కూడా దాటలేదు, అర్థమయ్యేలా చెప్పండి."

"ఇంజన్ నిమిషానికి ఎనిమిది వేల చుట్లు తిరిగేదాకే ఆ స్ప్రింగులు ఈ బరువుని అదుపులో పెడతాయి. దాటితే వాల్వు టైముకి మూసుకోదు. పిస్టన్ వచ్చి గుద్దుతుంది, ఇంజన్ పగులుతుంది."

"ఆయన తొమ్మిది వేలు లాగుతారు కదా?"

"ఇవాళ లాగడు. చుట్లు చూపే మీటరు మీద ఎనిమిది దగ్గర పసుపు టేపు అంటించాను. మా షెడ్డులో అదే పద్ధతి, నోటితో చెప్పం. టేపు కనబడితే ఎందుకని అడగడు, దాటడు."

"టేపా?"

"గోరంత ముక్క. ఏం?"

"ఏం లేదు. పాపకి ఆకలేస్తున్నట్టుంది."

"ఏం లేదంటూ ఆ పాలసీసా ఎందుకు కొంగులో దాస్తున్నావ్?"

"దాచట్లేదు."

"ఇలా ఇవ్వు. ఈ పసుపు ముక్క ఎక్కడిది?"

"పాల కొలతకి గుర్తు."

"ఎక్కడిదమ్మా?"

"పొద్దున కారు లోపల తుడిచాను బావగారూ. మీటరు అద్దం మీద ఏదో అంటుకుందనుకుని పీకాను. పారేయబుద్ధి కాక..."

"ఎర్ర జెండా ఏదీ? తప్పుకో, వాణ్ణి ఆపాలి."

"బావగారూ."

"తప్పుకోమంటున్నానా."

"కారు చప్పుడు ఆగిపోయింది బావగారూ."

"ఈపాటికి ఆ మలుపు దాటి ఇటు రావాలి వాడు. రాలేదు."

"బయట ఎవరున్నారండీ? మాకిద్దరికీ వెళ్ళి చూసే ధైర్యం లేదు. ఎవరైనా సరే, ఒక్కసారి ఆ మలుపు దాకా వెళ్ళి ఆయన్ని చూసి రండి."