అంకె కన్నా ముందు జవాబు పత్రం

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదవ సంవత్సరం జూలై పదకొండవ తేదీ, సోమవారం ఉదయం, మన పరీక్షల కార్యాలయపు మూల్యాంకన విభాగంలో సహాయ గణాంకాధికారిణిగా బాధ్యతలు స్వీకరించి, పాఠశాల చివరి ఏడాది పరీక్షలు రాసిన ప్రతి బిడ్డ శ్రమనూ తన ఇంటి బిడ్డ శ్రమగా భావించి, నేడు గ్రేడు నిర్ణయ సంఘం సంచాలకురాలిగా పదవీ విరమణ చేస్తున్న విదుషీమణికి కాగితాల మీద ఏ హోదా ఉన్నా, అధ్యక్షులు మొదలు గేటు కాపలాదారు దాకా అందరికీ ఆమె పెద్దక్కగారే. చేరిన కొత్తలో ఆమెకు కేటాయించిన కుర్చీకి ఒక కాలు పొట్టిదట. ఎత్తు కోసం దాని కింద పెట్టిన పాత ప్రశ్నపత్రాల కట్టను వారం తిరగకుండానే ఆమె బయటికి లాగి, ఆసాంతం చదివి, "ఏ ఏటి పేపరు ఎంత కష్టమో ఎవరైనా పోల్చి చూశారా అండీ?" అని పైఅధికారిని అడిగారు. ఆయన మర్నాడే మంచి కుర్చీ పంపించారు.

బయటివారికి మన పని సులభసాధ్యంగా కనిపిస్తుంది. నూటికి ఇన్ని వస్తే మొదటి గ్రేడు, ఇన్ని వస్తే రెండవది, గీత గీసి చేతులు దులుపుకోవడమే కదా అనుకుంటారు. కానీ ప్రశ్నపత్రం ఏటేటా ఒకే బరువుతో ఉండదు. ఒక ఏడాది అరవై రెండు తెచ్చుకోగల పిల్ల, పేపరు కఠినంగా వచ్చిన ఏడాది యాభై ఎనిమిది దగ్గరే ఆగిపోవచ్చు. ఆ పిల్ల తెలివి తగ్గలేదు, ప్రశ్నలు ముదిరాయి, అంతే. కాబట్టి గీత దరిదాపుల్లో నిలిచిన జవాబు పత్రాలను పేర్లూ మార్కులూ కప్పిపెట్టి, అనుభవజ్ఞులైన ఉపాధ్యాయుల చేత చదివించి, గత సంవత్సరపు పత్రాలతో పోల్చి, ఆపైన మాత్రమే అంకె తేల్చాలి. ఈ పద్ధతిని మన కార్యాలయంలో నెలకొల్పినవారు పెద్దక్కగారే. పత్రాలు చదవడం మొదలయ్యే ఉదయం ఆమె స్వయంగా తడిగుడ్డతో గది బోర్డు తుడిచేవారు. పత్రాలు చదవడం పూర్తయ్యేదాకా ఆ గదిలో ఎవరూ గత ఏటి గీత అంకె పలకకూడదు. తెలిసినవారైనా సరే, అత్తవారింట కొత్తకోడలిలా నోరు మూసుకోవలసిందే.

గణాంకాధికారిణిగా, ఉపసంచాలకురాలిగా, అనంతరం సంచాలకురాలిగా ఆమె అధిరోహించిన మెట్లన్నీ మనకు తెలిసినవే. కానీ సంచాలకురాలైన కొత్తలో జరిగిన ఒక ఉదంతం మనలో చాలామందికి సగమే తెలుసు. ఆమె చెల్లెలి కూతురు, పసితనం నుంచీ ఆమె ఇంట్లోనే పెరిగిన పిల్ల, ఆ ఏడు చివరి పరీక్షలు రాసింది. సొంత బిడ్డలు పరీక్ష రాసే ఏడు అధికారులు సంఘంలో కూర్చోరాదని నియమం. చెల్లెలి కూతురు ఆ నియమం కిందికి రాదని అందరూ అన్నారు. "నేను అన్నం కలిపి పెట్టిన పిల్ల నా పిల్ల కాకపోతే ఎవరి పిల్ల?" అని ఆమె తనంతట తానే తప్పుకుని, వరండా చివరి గదిలో పాత ప్రశ్నపత్రాలు సర్దుకుంటూ కూర్చున్నారు.

భౌతికశాస్త్రం గీత తేలిన రోజున, ఆమె స్థానంలో కూర్చున్న ఉపసంచాలకులు ఆనందంగా ఆ గదికి వచ్చారు.

"అక్కగారూ, మీరు లేరని బెంగపెట్టుకున్నాం గానీ, పని భలే చకచకా అయిపోయిందండీ! పోయినేడాది అరవై రెండు కదా, అదే బోర్డు మీద రాసిపెట్టుకున్నాం. అందరూ అటు తిరిగీ ఇటు తిరిగీ చివరికి అరవై రెండే అన్నారు."

"పేపర్లు చదవకముందే రాశారా?"

"ఆఁ, ముందే. దారి తెలిస్తే నడక తేలిక కదండీ."

పెద్దక్కగారు చేతిలోని ప్రశ్నపత్రాల కట్ట పక్కన పెట్టారు. అంకె ముందు కంటపడితే, చదివే కళ్ళు దాని చుట్టూనే తిరుగుతాయి. ఆ ఏటి భౌతికశాస్త్రం ఎంత కఠినమో ఆమెకు తెలుసు. పరీక్ష రాసి వచ్చిన రోజున ఇంట్లో పిల్ల కంచం ముందు కూర్చుని ఏడ్చింది. ఇప్పుడు నోరు విప్పితే పిల్ల కోసమే విప్పిందంటారు. విప్పకపోతే వేలాది బిడ్డలకు అన్యాయం. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు. లేచి నేరుగా అధ్యక్షుల గదికి వెళ్ళారు.

అధ్యక్షులు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అమ్మా, మీరు చెప్పేది నిజమే కావచ్చు. కానీ ఇది మీ ఇంట్లో పిల్ల రాసిన పేపరు. ఇన్నేళ్ళ పేరు ఒక్క పూటలో పోతుంది."

"పోతే నా పేరొక్కటే పోతుంది సార్. ఆ అంకె తప్పయితే ఎన్ని ఇళ్ళలో ఆ పూట అన్నం సయించదో చూడండి. దించమని నేను అడగట్లేదు. పెంచాల్సొస్తే పెంచండి. బోర్డు తుడిచి, కొత్తవాళ్ళతో మళ్ళీ చదివించండి. అది తేలేదాకా నేను ఈ వీధి ఛాయలకు కూడా రాను."

సెలవు చీటీ ఇచ్చి ఇంటికి వెళ్ళిపోయారు. ఏ సంగతీ తెలియని కొత్త ఉపాధ్యాయులు తాజాగా చదివారు. గీత యాభై ఎనిమిది దగ్గర తేలింది. ఇక లోకం ఊరుకుంటుందా? ఆమె సెలవు నుంచి తిరిగి వచ్చేసరికి టీ గదిలో "కడుపుతీపి" అన్న మాట నలుగురి నోళ్ళలో నానుతోంది. ఆమె విన్నారు, తన టీ తాను తాగి వెళ్ళిపోయారు.

ఫలితాలు వచ్చాయి. ఆ పిల్లకు వచ్చినవి యాభై ఏడు.

"పెద్దమ్మా, ఒక్క మార్కు! మళ్ళీ చూడమన్నది నువ్వేనటగా. ఇంకొక్కటి దించితే నీ సొమ్మేం పోయేది?"

"యాభై ఏడు చేస్తే, యాభై ఆరు వచ్చిన పిల్ల వాళ్ళమ్మని ఇదే మాట అడుగుతుందమ్మా. దానికి నేనేం చెప్పను?"

పిల్ల విసురుగా వెళ్ళి గది తలుపు వేసుకుంది. పెద్దక్కగారు ఆ తలుపుకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయారు. లోపల పిల్ల, బయట ఆమె, ఇద్దరూ ఏడ్చారు. మర్నాడు టీ గదిలో ఎవరూ ఆమె ముఖంలోకి చూడలేకపోయారు. ఉపసంచాలకులు మాత్రం బోర్డు తుడవడానికి ఒక గుడ్డ తెచ్చుకుని తన బీరువాలో పెట్టుకున్నారు.

అటుపిమ్మట ఆమె మరో అలవాటు చేసుకున్నారు. ఫలితాల రోజున ఒక్క మార్కులో గ్రేడు తప్పినవారి ఫోన్లన్నీ తనకే కలపమనేవారు. మార్చగలిగింది ఏమీ లేకపోయినా, వారు తిట్టినంతసేపూ వినేవారు, ఏడ్చినంతసేపూ ఆగేవారు. ఇంతటి నిష్ఠురమైన న్యాయమూ ఇంతటి మెత్తని మనసూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో, ఎన్నేళ్ళు పక్కన పనిచేసినా మనకు అంతుపట్టదు. తలచుకున్నప్పుడల్లా చేతులు వాటంతట అవే జోడించుకుంటాయి.

మన కార్యాలయ పత్రిక ఈ సంచిక కోసం రెండు మాటలు చెప్పమని అడగగా, నేడు ఉపాధ్యాయురాలైన ఆ చెల్లెలి కూతురు ఇలా అన్నది: "పెద్దమ్మ మళ్ళీ చదివించడం వల్ల నాకైతే ఏమీ రాలేదండీ. బెంచీలో నా పక్కన కూర్చున్న పిల్లకి మాత్రం యాభై ఎనిమిది వచ్చాయి. ఆ గ్రేడుతోనే పై చదువుకి వెళ్ళింది. ఆ గ్రేడు ఎందుకు వచ్చిందో దానికి ఇప్పటికీ తెలీదు."

ఇన్నేళ్ళుగా పరాయి బిడ్డల చేతిరాత మీద అరిగిన ఆ కళ్ళు ఇకపై తమకు నచ్చినవే చదువుకోవాలనీ, వరండాలు తిరిగి అలసిన ఆ మోకాళ్ళకు విశ్రాంతి దొరకాలనీ, పెద్దక్కగారు కుటుంబ సభ్యుల ఆప్యాయతల నడుమ సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్ళూ వర్ధిల్లాలనీ, తమ గ్రేడు వెనుక ఎవరున్నారో ఎన్నడూ తెలియని ఆ వేలాది బిడ్డల తరఫున, తెలిసిన మనమందరం మనసారా ఆకాంక్షిద్దాం.