అల్లుడుగారి వేడినీళ్ళు

పొద్దు వాలుతోంది. ఆవుల కొట్టం కప్పు మీద, ఎండకి నీళ్ళు కాగేలా తను చేసిన పెట్టె, ట్యాంకుల పక్కన అల్లుడు కూర్చున్నాడు. కింద అత్తగారు నిచ్చెన పట్టుకుని నిలబడింది. ఆ పక్కనే ఆమె కూతురు పాలక్యాన్లు కడుగుతోంది.

“బాగానే ఉంది బాబూ. ఇంక దిగండి.”

“బాగుంటే పెరట్లో కాగుకి అంత మసి ఎక్కడిది అత్తయ్యా?”

“మసా? మసేం లేదు. ఏమే, మసుందా?”

“ఉంది. రోజూ పొద్దున్నే పొయ్యి రాజేస్తున్నావుగా.”

“నువ్వూరుకో. ఇంటి అల్లుడు చేసిన వస్తువుకి వంకలు పెడతామా?”

“నీ మొహమాటంతో ఈయన కొంప మునిగేలా ఉందమ్మా. రేపు తెల్లారి పాలు పితికే వేళకి చుట్టుపక్కల పాడివాళ్ళంతా వస్తున్నారు. నీళ్ళు పొగలు కక్కితే తలా ఒకటి చేయించుకుంటారు. లేదంటే ఇవి తయారుచేసే ఈయన షెడ్డుకి తాళమే.”

“అత్తయ్యా, నిజం చెప్పండి. తెల్లారేసరికి నీళ్ళు ఎలా ఉంటున్నాయి?”

“వెచ్చగా.”

“వెచ్చగా అంటే?”

“అంటే… మరీ చల్లగా కాదు.”

“చచ్చాం. అద్దం రెండు పొరలు వేశాను. ట్యాంకు చుట్టూ ఊక దట్టించాను. దానిమీద దుప్పటి కూడా చుట్టాను.”

“నా పెళ్ళినాటి దుప్పటి. అడగనైనా అడగలేదు.”

“అది తర్వాత. ఇప్పుడు చూడు, చెయ్యి పెడితే చురుక్కుమంటోంది. పొద్దున్నకి ఈ వేడంతా ఎవరెత్తుకుపోతున్నారు?”

“కాస్త దిగండి బాబూ, నేను నిచ్చెనెక్కాలి.”

“గొట్టం ఎక్కడైనా కారుతోందా?”

“చుక్క కారదు. దిగండి.”

“పోనీ రాత్రిపూట ఎవరైనా స్నానానికి…”

“నా వంక చూస్తారేం? సాయంత్రం క్యాన్లకి సగం ట్యాంకు వాడతాం. మిగతా సగం పొద్దున్నకి ఉంచుతాం. అంతే.”

“ఆ సగం చాలు. అది వేడిగా ఉంటే చాలు. తల బద్దలవుతోంది నాకు.”

“బాబూ, చీకటి పడుతోంది. నా మోకాళ్ళ సంగతి తెలుసుగా. మసకలో నిచ్చెన మెట్లు ఆనవు.”

“అసలు మీకు పైన పనేంటి అత్తయ్యా?”

“ఏముంది, రోజూ ఉండేదే.”

“రోజూ? ఆ మోకాళ్ళతో రోజూ ఎక్కుతున్నారా? ఎందుకు?”

“అదేంటి బాబూ, బిగించిన రోజు మీరేగా ఒకటికి పదిసార్లు చెప్పారు, ట్యాంకు ఎప్పుడూ వెలితిగా ఉండకూడదని. అల్లుడి మాట తీసిపారేస్తానా? క్యాన్లు కడగడం అవగానే, ఎంత ఖాళీ అయితే అంతా బిందెలతో బావినీళ్ళు పోసి అంచుదాకా నింపేస్తున్నా.”

“ఏవండీ, మీరు దిగకండి. ముందు ఆ నిచ్చెన పైకి లాగేసుకోండి.”