రాజ్యం నన్ను అడిగిన బొట్టు

అయ్యలారా, అమ్మలారా, మన భజన సమాజం అక్కచెల్లెళ్ళారా,

మాడుగుల నుంచి, కోటపాడు నుంచి ఈ ఎండలో బస్సులెక్కి మా రాజ్యం సంతాప సభకు వచ్చారు. మీ అందరికీ నమస్కారం. రాజ్యం నా తోడికోడలు, మా మరిది సత్తిబాబు భార్య.

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. హారతి పాటలో కూడా నా గొంతు పక్కవారికి వినపడదు. ఈ మాట ఇంట్లో చెప్పబోతే, "ఇప్పుడెందుకమ్మా ఆ గొడవ" అని ఆపేశారు. అందుకే బడి మానేశాక ఇన్నాళ్ళకు కలం పట్టి రాసుకొచ్చాను. చివరిదాకా చదవనివ్వండి.

ఇంతవరకూ మాట్లాడినవారంతా ఒకటే అన్నారు. పుణ్యస్త్రీ, పసుపు కుంకుమలతో వెళ్ళిపోయింది, అదృష్టవంతురాలు అని. నలభై నాలుగేళ్ళకు, కడుపులో క్యాన్సర్‌తో, గుక్కెడు నీళ్ళు కూడా దిగక పోయిన మనిషిది ఏం అదృష్టమమ్మా? భర్త కన్నా ముందు పోవడమేనా? మీలో ఎవరికైనా కావాలా ఆ అదృష్టం?

నా భర్త పోయిన ఏడాది వరలక్ష్మీ వ్రతం నాడు నేను వంటింట్లోంచి బయటకు రాలేదు. రాజ్యం కుంకుమ భరిణె పట్టుకుని లోపలికే వచ్చింది. మా పెద్దత్త అచ్చియ్యమ్మగారు, "మొగుడు పోయినదానికి తొలి బొట్టేటే, గుంటా? ఏం పోయేకాలమే నీకు?" అని గదిమారు. రాజ్యం వెనక్కి తిరిగి కూడా చూడలేదు. "మీ మొగుళ్ళేటి కొనిచ్చేరు ఈ కుంకం? నాను కొన్నాను, మా అక్కకి ఎడతాను. కళ్ళు మండితే మూసుకోండి" అంది. ఆనాటి నుంచి ప్రతి ఏడూ తొలి బొట్టు నాకే పెట్టింది.

అలాంటి మనిషి మంచం పట్టింది. స్నానం నేనే చేయించేదాన్ని, తల నేనే దువ్వేదాన్ని. తాను పోతానని ఆమెకు తెలుసు. చెప్పుకోవాలని చూసేది. ఎవరు విన్నారు? సత్తిబాబైతే, "అలాటి మాటలాడకే, నయమైపోద్ది" అని గది దాటి వెళ్ళిపోయేవాడు. చావు మాట ఎత్తితే అశుభమని అందరం ఆమె నోరు మూశాం.

ఒకరోజు జడ అల్లుతుంటే నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నన్ను తయారుసేసినప్పుడు బొట్టు నువ్వే ఎట్టాల. ఆల్లకి వొదిలీకు. వొంకరగా ఎట్టేవంటే లేచొచ్చి మొట్టికాయేస్తాను" అంది. నవ్వింది. నేను సరేనన్నాను. మన గుళ్ళో వినాయకుడి మీద ఒట్టేసి సరేనన్నాను.

ఆమె పోయిన రోజు భరిణె నా చేతిలోనే ఉంది. పెద్దత్తగారు నా చేతిలోంచి తీసుకున్నారు. "కనకదుర్గా, నువ్వలా పక్కకి జరుగమ్మా. ముత్తైదువులం మేం సూసుకుంటాం" అన్నారు. మెత్తగానే అన్నారు. సత్తిబాబు విన్నాడు. నేల చూశాడు. దుఃఖంలో ఉన్నాడులే అని నన్ను నేను సముదాయించుకున్నాను. నాకు మాత్రం దుఃఖం లేదా?

నేను పెరట్లో కుళాయి దగ్గర నిలబడ్డాను. లోపల ఆమె ముఖానికి పసుపు రాస్తున్నారు, బొట్టు దిద్దుతున్నారు, అదృష్టం అదృష్టం అంటున్నారు.

పెద్దకార్యం నాడు ఆమె పేరున ముత్తైదువలను పిలిచి భోజనాలు పెట్టారు. ఆ వంటంతా ఎవరు చేశారమ్మా? నేనే. ఆమె నుదుటికి తగలకూడని చెయ్యి మీ విస్తట్లోకి పనికొచ్చింది. పప్పు బాగుందని కూడా అన్నారు.

నేను రోజూ దేవుడికి దీపం పెడతాను. నా చేతి దీపం ఆయన ఏనాడూ వద్దనలేదు. ఆయనకు లేని అభ్యంతరం మీకెందుకు?

బాబూ సత్తిబాబూ, తల ఎత్తు. నిన్ను నిందించడానికి రాలేదు. రాజ్యం ఆఖరి కోరిక ఏమిటో ఒక్కసారి నీ చెవిన వేద్దామని వచ్చాను. అప్పుడు వినలేకపోయావు. ఇప్పుడు విను.

నేను ఈ కాగితం మడిచి, ఇక్కడ పెట్టిన రాజ్యం ఫొటో దగ్గరకు వెళ్తున్నాను. నుదుటికి పెట్టనివ్వలేదు కాబట్టి ఆ ఫొటో అద్దానికి పెడతాను బొట్టు. ఆపదలచినవారు ఇప్పుడే, నా ముఖం చూసి ఆపండి.

లేకపోతే అందరూ లేచి నిలబడండి. నేను బొట్టు పెట్టి ఇటు తిరిగేదాకా ఎవరూ ఏమీ అనకండి. అదృష్టమని అసలే అనకండి.