బావ బాగుచేసిన గడ్డి కోత బండి

ఆస్పత్రి తోటమాలికి ఆ మధ్యాహ్నం ఒక్క మాట కావాలి. బండి నడుస్తుందా, నడవదా? అంతే. సాయంత్రం నాలుగింటికి పెద్ద డాక్టరమ్మ తోట చూడ్డానికి వస్తోంది. గడ్డి చూస్తే మోకాలి దాకా ఉంది. అది అలాగే కనపడిందంటే తోట పని బయటివాళ్ళకి అప్పజెప్పేస్తానని ఆవిడ మొహం మీదే చెప్పేసింది. అంటే పదహారేళ్ళ ఉద్యోగం హుష్‌కాకి.

అది పైనెక్కి కూర్చుని నడిపే బ్యాటరీ బండి. మూడు రోజుల కిందట మొరాయించింది. పెడల్ తొక్కితే మోటారు గుయ్యిమంటుంది, చక్రాలు మాత్రం ఉలకవు పలకవు. నేను చూస్తాగా అని దాన్ని తన ఇంటి పెరట్లోకి తెప్పించుకున్నది బావ. సొంత అక్క మొగుడు. ఒకప్పుడు ఫ్యాన్లు బాగుచేసేవాడు, ఇప్పుడు అక్క టీ కొట్టు ముందు బెంచీ బాగా అరగదీస్తున్నాడు.

"బావా, బండి నడుస్తుందా?" అన్నాడు తోటమాలి కొట్టు దగ్గరికి వస్తూనే, ఇంకా కూర్చోకుండానే.

"నడవడమా?" అని బావ టీ గ్లాసు కింద పెట్టాడు. ఆయన గ్లాసు కింద పెట్టాడంటే ఇక గంటకి తక్కువ కాదు. పక్కన సెలూనాయన, ఎదురుగా టైలరు సర్దుకుని కూర్చున్నారు. "కూర్చో బామ్మర్దీ. నేనేమీ గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, ఉన్నదున్నట్టు చెప్తా. నిన్న పొద్దున లేచా, మొహం కడుక్కున్నా, మీ అక్క గరిటె పట్టుకుని బండి వెనక మూత విప్పా. స్క్రూడ్రైవర్ ఎందుకు, చేతిలో పనుండాలి గానీ. లోపల మోటారుకీ చక్రానికీ మధ్య గేరు ఉంటుంది చూడు, దానికి ఒక పన్ను ఊడిపోయింది. కొత్త గేరు రావాలంటే రెండు నెలలన్నారు. ఈలోగా మా బామ్మర్ది ఉద్యోగం ఊడనిస్తానా? ఏం చేశానో తెలుసా?"

"ఏం చేశావు?"

"నా దవడ పన్ను పీకి పెట్టా."

సెలూనాయన లేచి వచ్చాడు. "ఏదీ, నోరు తెరువన్నా." వంగి, అటూ ఇటూ తిప్పి చూశాడు. "అన్నీ ఉన్నాయి కదా!"

"రాత్రికి మళ్ళీ మొలిచింది. మా వైపు వాళ్ళకి అంతే."

టైలరుకి టీ ముక్కులోకి పోయింది. తోటమాలి గోడ గడియారం చూశాడు. ఒకటిన్నర.

"సరే బావా, పన్ను పెట్టావు. నడిచిందా?"

"అక్కడికే వస్తున్నా, తొందరపెట్టకు. పెడల్ మీద ఇలా బొటనవేలు ఆనించా, అంతే! బండి వెళ్ళిపోయింది, నా నీడ మాత్రం పెరట్లోనే ఉండిపోయింది. మలుపు దగ్గర ఆగి నీడ వచ్చేదాకా చూసుకుని మళ్ళీ బయల్దేరా. దారిలో పిల్లలు ఆడుకునే మైదానం తగిలింది. మూడు నిమిషాలు, మొత్తం కోసి పారేశా. చివరికి గడ్డికే భయం పట్టుకుని, నేను వస్తున్నానని తెలిసి దానంతటదే పొట్టిగా అయిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బ్రేకు మర్చిపోయా!"

"అంటే బ్రేకు పడట్లేదా?" అన్నాడు తోటమాలి కంగారుగా.

"పడితే కథేముంది? ఎదురుగా నది. ఆపుదామంటే ఆగదు. సరే పోనీ అని బండితో సహా నదిలోకి దిగిపోయా. కింద కత్తులు గిర్రున తిరుగుతాయి కదా, అవి నీళ్ళలో పడేసరికి పడవ పంకాలైపోయాయి. అవతలి ఒడ్డున లారీ ఒకటి బురదలో దిగబడి ఉంది, దాన్ని కూడా కట్టుకుని లాక్కుపోయా. డ్రైవరు నిద్ర కూడా లేవలేదు పాపం. ఇక ఎత్తు గుట్ట వచ్చింది, బండి ఆ ఊపులో గాల్లోకి లేచింది. లేచి..."

"పక్షుల్ని కొట్టేశావా?" అన్నాడు సెలూనాయన.

"ఛ, మూగజీవాల జోలికి పోతానా? మేఘానికి క్రాఫు కొట్టా. రెండంగుళాలు, చుట్టూ సమానంగా. నువ్వు కూడా అంత నున్నగా చెయ్యలేవు. నిన్న సాయంత్రం వాన అరకొరగా పడిందే, ఎందుకనుకున్నారు మరి?"

"నిజమేనయ్యా," అన్నాడు టైలరు. "నేను ఆరేసిన చొక్కాకి ఒక చెయ్యే తడిసింది."

"బావా!" తోటమాలి ఇక ఉండలేకపోయాడు. "నీకు దండం పెడతా. నాలుగింటికి ఆవిడొస్తుంది. బండి నడుస్తుందా లేదా?"

"నడుస్తుందిరా," అంది అక్క. పొయ్యి దగ్గర పాలు కలుపుతూనే, తల కూడా తిప్పలేదు. "ఎక్కి తోలుకుపో."

అందరూ అటు తిరిగారు.

"ఈయన రెండు రోజులుగా నా గరిటెతో విప్పింది ఆ సీటు ఒక్కటే. అది కూడా కింద పడ్డ చిల్లర కోసం. ఇందాక పెరట్లో గిన్నెలు తోముకుందామంటే బండి అడ్డంగా ఉంది. వెనక చక్రం పక్కన ఎర్ర లివరు కనపడింది. దాని మీద బొమ్మలు వేసున్నాయి. కిందివైపు మనిషి బండిని తోస్తున్నాడు, పైవైపు కూర్చుని నడుపుతున్నాడు. లివరేమో కిందికుంది, అందుకే మోటారు తిరిగినా చక్రాలు కదల్లేదు. పైకెత్తా, సీటు తగిలించి కూర్చున్నా, పెడల్ తొక్కా. నీళ్ళ డ్రమ్ము దాకా బుద్ధిగా వెళ్ళింది, బ్రేకు వేస్తే ఆగింది."

సెలూనాయన బెంచీ మీద పడి నవ్వుతున్నాడు. బావ ఖాళీ గ్లాసు తీసుకుని తాగుతున్నట్టు నోటికి పెట్టుకున్నాడు.

"ఇంతకీ దాన్ని తోసేవైపు పెట్టి మర్చిపోయిన మహానుభావుడు ఎవర్రా?" అంది అక్క.

తోటమాలికి అప్పుడు గుర్తొచ్చింది. నాలుగు రోజుల కిందట ఛార్జింగు అయిపోతే బండిని షెడ్డులోకి తోసుకెళ్ళింది తనే. లివరు దించింది తనే. తెల్లారి ఛార్జింగు నిండాక ఎత్తాల్సిందీ తనే. పదహారేళ్ళ అనుభవం!

సెలూనాయన నవ్వు మెల్లగా బావ మీద నుంచి అతని మీదకి తిరగడం తోటమాలికి కనపడుతూనే ఉంది. గభాలున లేచి బావ చెయ్యి పట్టుకున్నాడు.

"పద బావా, ఆస్పత్రికి. నేను గడ్డి కోస్తా, నువ్వు గట్టు మీద కూర్చో. మూడు రోజులు బండికి ఏమొచ్చిందని డాక్టరమ్మ అడుగుతుంది. నేను నోరు తెరవను. నువ్వే చెప్పు."

బావ మొహం వెలిగిపోయింది. "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పనా?"

"చెప్పు. కానీ గేరు దగ్గర ఆగిపో, నీకు పుణ్యముంటుంది. నది దాటకు."