వీరేశం పోసిన దిమ్మె

"నా దిమ్మె జారిందంటడా? నా దిమ్మె!"

వీరేశం టీ గ్లాసును జయమ్మ బండి మీద ఠక్కున పెట్టాడు. సగం టీ ఒలికింది. జయమ్మ కిమ్మనకుండా గుడ్డ తీసి తుడిచింది. మనిషి ఒళ్లు మండి ఉన్నప్పుడు మాట్లాడించకూడదని హైటెక్ సిటీలో టీ అమ్మేవాళ్లకు తెలియదా!

ఒళ్లు మండదా మరి? గోదావరి జిల్లాలో గ్యాస్ బావులున్న ఓ ఊళ్లో, బడి పక్కనే, వీరేశం దగ్గరుండి కాంక్రీట్ దిమ్మె పోయించి, దాని మీద మూడు రేకుల రిఫ్లెక్టర్ బిగించి వచ్చాడు. పైనుంచి పోయే శాటిలైట్ ఆ రేకుల్ని చూస్తుంది. కింద గ్యాస్ తోడేకొద్దీ పైన నేల ఎంత కుంగుతోందో దాన్నిబట్టి బండి ఎదురుగా ఉన్న వీరేశం వాళ్ల ఆఫీసులో లెక్క కడతారు. మొన్న బడి దగ్గర నేల బాగానే కుంగిందని తేలింది. గ్యాస్ కంపెనీ ఆఫీసరు ఊరుకుంటాడా? "నేలకేం కాలేదు, మీవాడు సరిగ్గా పాతలేదు, దిమ్మె జారింది" అంటూ వచ్చి పైన మూడో అంతస్తులో కూర్చున్నాడు. వీరేశాన్ని పిలిచి అడుగుతాడట. ఆయన మాటే నెగ్గిందా, బడి దగ్గరి గ్యాస్ బావి ఆగదు. గోడలు పగిలిన ఆ బడిలోనే పిల్లలు కూర్చుంటారు. గుంత తవ్వుతుంటే చుట్టూ మూగి "ఇదేంటండీ, అదేంటండీ" అని ప్రాణం తీసిన పిల్లలే.

"పైకి పోయి ఏం చెప్తవన్నా?" అన్నాడు ఆఫీసు క్యాబ్ నడిపే భాస్కర్.

"ఏం చెప్తనా? నా దిమ్మె ముచ్చటే చెప్త. ఇనుర్రి. గుంత నడుం లోతు తియ్యమన్నరు. తీపిచ్చిన. మేస్త్రి సాలు సార్ అన్నడు. సాలు గీలు జాన్తా నై, మాది శేరిలింగంపల్లి, బండల మీద పుట్టి పెరిగినోళ్లం, గట్టిదనం మాకు చెప్తవా అని ఇంకింత తీపిచ్చిన. కింద బండ తగిలిందాంక ఇడ్వలే."

"నిజమే, ఫొటోలు నేను జూసిన," అన్నాడు భాస్కర్.

ఆ ఒక్క మాట చాలు వీరేశానికి.

"దిమ్మె ఆరిందో లేదో, దున్నపోతొకటొచ్చి వీపు గోక్కున్నది. దున్నపోతుకు బొబ్బలెక్కినయ్ గని దిమ్మె కదిలితే ఒట్టు! ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? లారీ! పైపులు మోసే లారీ రివర్సుల వచ్చి ధడేల్మని గుద్దింది. లారీ రెండు ముక్కలు. ముంగటి ముక్కల కూసున్న డ్రైవర్‌కు తెల్వనే తెల్వదు, రాజమండ్రి దాంక తోలుకుంట పోయిండు."

"ఎనక టైర్లు లేకుండనా?"

"గదే టోల్ గేట్ కాడ అడిగిన్రంట! జర ఆగు భాస్కర్, నడుమల అడ్డం రాకు."

టీ తాగడానికొచ్చినవాళ్లు ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. చెబుతున్నకొద్దీ వీరేశానికి గుండెదడ తగ్గుతోంది. ఆ ఆఫీసరు ఇంగ్లీషులో గద్దిస్తే నోరు పెగులుతుందో లేదోనని పొద్దుటి నుంచీ ఒకటే పరేషాన్. ఇప్పుడా భయం లేదు. తుఫాను సంగతి తనకే ఇప్పటిదాకా తెలియదు, అదే నోటికొచ్చింది.

"తుఫాన్ కంటే తుఫానా అది! కప్పులు కప్పులే లేసినయ్. ఊరోళ్లంత ఉరికొచ్చి నా దిమ్మెను పట్టుకున్నరు. బర్లను దానికే కట్టిన్రు, బండ్లను దానికే కట్టిన్రు, ఆఖరికి బడిని గూడ మోకుతోని దానికే కట్టిన్రు. ఊరు ఊరంత గాలిపటం లెక్క పైకి లేసింది. పట్టుకున్నదెవరు? నా దిమ్మె! పొద్దుగాల గాలి తగ్గినంక ఎక్కడి ఇల్లు అక్కడ్నే దిగింది, వాకిట్ల ముగ్గు గూడ చెదరలే."

ఎవరో ఈల వేశారు. వీరేశం బెంచీ ఎక్కి, మూడో అంతస్తు అద్దాల వైపు వేలు చూపించాడు.

"గసొంటి దిమ్మెను పట్టుకొని జారిందంటడా? భూమి మొత్తం పాతాళానికి దిగిపోనీ! గోదారి దిగనీ, బడి దిగనీ, గా ఆఫీసర్ కుర్సీతోని సహా దిగనీ! నా దిమ్మె ఉన్నకాడనే గాల్ల నిలవడ్తది. వెంట్రుక మందం దిగదు. ఆ మాటే ఆయన మొఖం మీద చెప్త. స్టాంపు పేపర్ తెమ్మను, రాసిస్త!"

అందరూ చప్పట్లు కొట్టారు, ఒక్క బాలాత్రిపురసుందరి తప్ప. శాటిలైట్ బొమ్మలు చూసి నేల కుంగిందని రిపోర్టు ఇచ్చింది ఆవిడే. తాగిన గ్లాసు జయమ్మకు ఇచ్చి, మెల్లగా అడిగింది.

"వీరేశం గారూ, నేల దిగినా మీ దిమ్మె దిగదంటారు."

"దిగదు మేడం!"

"దిమ్మె దిగకపోతే, నేల దిగిందని నాకెలా తెలిసిందండీ? మీ దిమ్మె దిగడం చూసే కదా చెప్పాను?"

వీరేశం అద్దాల వైపు చూపిన వేలితోనే తల గోక్కున్నాడు.

"మీరు పైకెళ్లి ఈ మాటే అన్నారనుకోండి, ఆయన మీకు దండం పెట్టి మరీ రాయించుకుంటాడు. నేలతో పాటు దిగని దిమ్మె కిందికి దిగిందంటే, దానంతటదే జారినట్టే కదండీ? బావి నడుస్తూనే ఉంటుంది."

భాస్కర్ నోట్లో టీ ముక్కులోకి వచ్చింది. జయమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. వీరేశం బెంచీ దిగి, చొక్కా సవరించుకుని, నవ్వుతున్నవాళ్లందర్నీ గుర్రుగా చూశాడు.

"ఏంది, నవ్వుతుర్రు? ఇప్పటిదాంక నేను మొత్తుకునేదేంది మరి? నేల దిగింది, దాంతోని నా దిమ్మె దిగింది! బాజాప్తా దిగింది! నా దిమ్మె దిగినంత సక్కగ ఇండియా మొత్తంల ఏ దిమ్మెనన్న దిగిందేమో సూపియ్యమను!" అంటూ లిఫ్టు వైపు దూకుడుగా నడిచాడు.