రేవులో తెల్లగుడ్డ

ఆ చిన్న దీవికి నర్సు ఆమె ఒక్కతే. పట్నం ఆసుపత్రిలో ఉద్యోగం చూసిపెట్టి, అక్కను తీసుకెళ్లడానికి తమ్ముడు పొద్దున్నే దిగాడు. ఇద్దరూ పెట్టెతో రేవుకొచ్చారు.

“ఇదేం ఊరక్కా? ఒక్కరూ పలకరించలేదు. సముద్రం ఇంత నిమ్మళంగా ఉంటే పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయేం?”

“ఆ స్తంభానికి తెల్లగుడ్డ చూశావా?”

“ఎవరో ఆరేసుకున్నారనుకున్నా.”

“నేను దీవిలో లేనని గుర్తు. అదుంటే ఎవరూ వేటకెళ్లరు. చేతిలో గాలం దిగితే తీసేదెవరు?”

“నువ్విక్కడే ఉన్నావుగా!”

“నువ్వు దిగడం చూసి ముందే కట్టేశారు.”

“అంత బెంగైతే ఉండమని అడగొచ్చుగా?”

“అడగరు. అడిగితే కాదనలేనని వాళ్లకు తెలుసు.”

“వేరే నర్సును పంపిస్తారులే అక్కా.”

“పంపించనీ, ఆ రోజే వస్తా. అందాకా?”

అతను పెట్టె కింద పెట్టాడు.

“ఆసుపత్రివాళ్లకు ఏం చెప్పమంటావ్?”

“మా అక్క మొండిదని చెప్పు. ఆ ముడి నాకందదు, నువ్వు విప్పు.”

అతను గుడ్డ విప్పాడు. పొద్దున అతన్ని చూసి మొహం తిప్పుకున్న పెద్దాయన పడవను నీళ్లలోకి తోస్తూ కేకేశాడు.

“తమ్ముడూ! చేపలు తెస్తాం, తినే వెళ్లాలి!”